గేటుండదని మైకులో చెప్పినోణ్ణి

నాకు ఉద్యోగం తెచ్చిపెట్టింది చదువు కాదు, గొంతు. మార్కెట్ యార్డులో శెనక్కాయ రాసుల ముందర నిలబడి నేను వేలం పాడితే, ఆ చివర గోడౌన్లో మూటల మీద నిద్రపోయే హమాలీ కూడా ఉలిక్కిపడి లేచి కూర్చునేవాడు. నా తలకాయలో ఏముందో మా మార్కెట్ కమిటీ వాళ్లు ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అట్లా ఇద్దరమూ సుఖంగా ముప్పై ఏళ్లకు పైగా గడిపేసినాము.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, మీ సర్వీసులో మరిచిపోలేనిది ఏదన్నా చెప్పండి సార్ అంటారు. వాళ్లు ఏదో గొప్ప సంగతి వస్తుందని చూస్తారు. నాకు గుర్తుండేది మాత్రం ఒకటే. గొంతు బాగుండేవాడి నోట్లోకి ఊళ్లోవాళ్ల మాటలన్నీ వచ్చి చేరతాయి. నా నోట్లోకి ఒక నాయకుడి మాట వచ్చి చేరింది. దాన్ని నేను ఊరూరా తిరిగి పంచినాను. ఆ కథ ఇది.

కళ్యాణదుర్గం దాటి ఇంకొంత దూరం పోతే మన రాష్ట్రం అయిపోతుంది. అక్కడ మా కమిటీ గేటు ఉండేది. గేటంటే పెద్దగా ఊహించుకోవద్దండి. ఒక రేకుల గది, రెండు కుర్చీలు, రోడ్డుకు అడ్డంగా ఎరుపూ తెలుపూ పూసిన సరుగుడు బాద. బాదకు ఒక చివర బండరాయి కట్టి ఉంటుంది. తాడు వదిలితే పైకి లేస్తుంది, లాగితే కిందికొస్తుంది. దానికి నేను సూపర్‌వైజర్ని. తాడు లాగేది మా వాచ్‌మన్ అన్న. నాకంటే వయసులో పెద్ద, మాటల్లో పొదుపు. ఆదివారం చర్చికి పోతాడు, మిగతా రోజులు గేటు కాడ బైబిలు చదువుకుంటాడు. ఎదురుగా ఒక అక్క టీ అంగడి. పొద్దున పూట ఉగ్గాని, బజ్జీ కూడా వేసేది. మా ముగ్గురిలో నిజంగా పని చేసేది ఆయమ్మ ఒక్కతే.

ఎందుకంటే మాకు పని ఉండేది కాదు. మా మార్కెట్లకూ, అవతలి రాష్ట్రంలో సరిహద్దు మార్కెట్లకూ ఎప్పటినుంచో ఒక పొత్తు ఉండేది. సరుకు మీద రుసుము ఒక వైపు కడితే రెండో వైపు మళ్లీ అడగరు. ఈడ చూసిన సరుకును ఆడ మళ్లీ చూడరు. బండ్లు ఇంజను కూడా ఆపకుండా పోయేవి. డ్రైవర్లు రసీదు కిటికీలోంచి చూపిస్తే నేను దూరం నుంచే తల ఊపేవాణ్ణి. నా తల నాకు బాగా పనికొచ్చిన కాలమదే.

అప్పుడు ఎన్నికలొచ్చినాయి. మా పక్క నాయకుడొకాయన సభల్లో కొత్త మాట ఎత్తుకున్నాడు. ఈ పొత్తు వల్ల మన శెనక్కాయంతా వాళ్ల నూనె మిల్లులకు పోతాండాది, మేము గెలిస్తే పొత్తులోంచి బయటికొస్తాం, మన మిల్లులు మనమే పెట్టుకుంటాం అన్నాడు. మరి సరిహద్దులో బండ్ల సంగతి అని ఎవరో అడిగితే, ఒక్క బండి ఆగదు, అసలు గేటే ఉండదు అన్నాడు. పొత్తు వద్దు, పొత్తులో ఉండే సుఖం మాత్రం పోదు. పెళ్లాన్ని వదిలేస్తా, వంట మాత్రం రోజూ ఆమే వచ్చి చేసిపోతుంది అన్నట్టు. ఇప్పుడు నవ్వుతాను గానీ, ఆ రోజు నేనూ చప్పట్లు కొట్టినాను.

ఆయన గెలిచినాడు. పొత్తు తెంచుకున్నారు. సరిహద్దు ఊర్లలో రైతులకు ఈ సంగతి వివరంగా చెప్పిరావాలని మా సెక్రటరీ సారుకు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆయన నన్ను పిలిచి, “నీ గొంతుకు ఇన్నాళ్లకు తగిన పని వచ్చిందప్పా” అన్నాడు. నేను పొంగిపోయినాను. ఇంట్లో మా ఆమె మాత్రం, “మైకు చేతికొస్తే నీకు ఒళ్లు తెలీదు, చూసుకో” అని హెచ్చరించింది. మైకు కట్టిన ఆటో ఎక్కినంక ఆ హెచ్చరిక చెవికెక్కలేదు.

సారు చెప్పమన్నది నాలుగు ముక్కలే. నాకు నాలుగు ముక్కలు గొంతులో ఒక మూలకు కూడా చాలవు. అందుకని నా సొంత సరుకు కలిపినాను. “గేటు కట్టెను పొయ్యిలో పెట్టుకోండి! సరిహద్దు అనేది ఇంక పటంలోనే ఉంటుంది, రోడ్డు మీద ఉండదు!” అని అరిచినాను. జనం నవ్వేకొద్దీ నాకు ఊపొచ్చింది.

ఒక ఊర్లో రేషన్ అంగడి ముందర మాట్లాడతాంటే ఒక ఆయమ్మ ముందుకొచ్చింది. నలభై ఏళ్లు ఉంటాయి. చేతిలో కొడవలి అట్లనే ఉంది, చేను నుంచి నేరుగా వచ్చినట్టుంది.

“అన్నా, నాదొక సందేహం. నా బోర్లో నీళ్లు కొంచెమే ఉండాయి. శెనక్కాయకు పెట్టేదా, టమోటాకు పెట్టేదా? టమోటా అయితే ఆ పక్క మార్కెట్టుకే పోవాల. ఆడ ఆపుతారా, ఆపరా? అదొక్కటి చెప్పు.”

“తల్లీ, గేటే ఉండదంటాంటే ఆపేదెవరు? గాలి ఆపుతుందా?” అన్నాను. అందరూ నవ్వినారు. “కండ్లు మూసుకోని టమోటా వేసుకో.”

ఆయమ్మ నవ్వలేదు. “ఇది నువ్వు చెప్తాండావా, సారోళ్లు చెప్తాండారా?”

“ఇద్దరమూ ఒకటేనమ్మా” అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నా రొమ్ము ఎంత వెడల్పయిందో చెప్పలేను. రాష్ట్రాన్ని నేనూ ఆ నాయకుడూ చెరొక చక్రం పట్టుకొని నడుపుతున్నట్టే అనిపించింది.

సాయంత్రం గేటు కాడికొచ్చి వాచ్‌మన్ అన్నకు ఇదంతా గొప్పగా చెప్పినాను. ఆయన బైబిలు మూసి, “అవతలోళ్లను ఎవురన్నా అడిగినారా?” అన్నాడు.

“అదంతా పెద్దోళ్లు చూసుకుంటారులే అన్నా.”

“పెద్దోళ్లు చూసుకుంటాంటే, అరిచేది నువ్వెందుకు?” అని మళ్లీ బైబిలు తెరిచినాడు. ఆయనకు లోకజ్ఞానం తక్కువ అనుకున్నాను.

గేటు ఎత్తేసే రోజు పండగ చేసినారు. తప్పెట్లు, పూలదండలు, టపాకాయలు. నాయకుడు వచ్చి తాడు కోసినాడు. రాయి దభీమని కింద పడింది, బాద ఆకాశంలోకి లేచింది, నేను మైకులో గొంతు పగిలేట్టు అరిచినాను. తరువాత బాదను ఊడదీసి పక్కన పడేసినారు. నాకు ఉత్సాహం ఆగక ఆ బాదను భుజానికెత్తుకొని టీ అంగడి కాడికి పోయి, “అక్కా, ఇంక దీంతో మాకు పని లేదు, నీ పందిట్లోకి వేసుకో” అని దానం చేసినాను. నాయకుడు కూడా చప్పట్లు కొట్టినాడు. మరుసటి రోజుకే అక్క దాన్ని దూలంగా పెట్టి, పైన రేకులు వేయించి, పందిరి రెండింతలు చేసుకుంది.

ఆ తరువాత కొన్నాళ్లు నేనూ వాచ్‌మన్ అన్నా ఖాళీ గదిలో కూర్చున్నాము. మమ్మల్ని యాడికి పంపాలో సెక్రటరీ సారు ఇంకా తేల్చుకోలేదు. పోయే బండ్లకు చేతులూపడమే పని. లారీ డ్రైవర్లు హారన్ కొట్టి పలకరించేవాళ్లు. ఇంత ప్రేమ నా సర్వీసులో ఎప్పుడూ చూడలేదు.

ఒక పొద్దున హారన్లు ఆగిపోయినాయి. చూస్తే బండ్లు వరసగా నిలబడి ఉండాయి. ముందర మలుపు తిరిగితే అవతలి రాష్ట్రం వాళ్లది కొత్త గేటు. మాదానికంటే మంచిది, ఇనుపది. పొత్తులో లేరు గాబట్టి మీ సరుకు మాకు బయటి సరుకే, మళ్లీ రుసుము కట్టాల అన్నారు. కాయగూరలకైతే రుసుము కాక, పురుగుమందుల పరీక్ష చేసినట్టు మా వైపు ఆఫీసరు సంతకంతో ఒక కాగితం కూడా కావాల అన్నారు. తప్పేముంది? ఏ దేశంలోనైనా, ఏ ఇంట్లోనైనా విడిపోయినోళ్లను వచ్చేటప్పుడు తలుపు తట్టమనే అంటారు. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ సంతకం పెట్టే ఆఫీసరును మా వాళ్లు నియమించనే లేదు. అట్లాంటి ఆఫీసరు ఒకడు కావాలనే ఎవరికీ తోచలేదు, ఎందుకంటే గేటే ఉండదు గదా.

వరస పెరిగి మా టీ అంగడి దాకా వచ్చింది. సెక్రటరీ సారు ఫోన్ చేసినాడు.

“ఆ బండ్లన్నీ వాళ్ల గేటు మీద పడకుండా నువ్వే ముందర ఆపి, కాగితం ఉండేవి మాత్రమే పంపు.”

“సార్, గేటు తీసేసినాము గదా. మైకులో కూడా చెప్పినాను.”

“గేటు కాదయ్యా, రైతు సౌకర్య కేంద్రం. బోర్డు పంపిస్తాండాను.”

“రోడ్డుకు అడ్డం కట్టె ఉంటుందా సార్?”

“ఉంటుంది.”

“బండ్లు ఆపాలా సార్?”

“ఆపొద్దు. ఆగమని కోరు.”

బోర్డయితే వచ్చింది గానీ కట్టె రాలేదు. పాతది వాడుకోమన్నాడు సారు. పాతది టీ అంగడి నెత్తిన ఉండాది. నేను పోయి, దగ్గి, అక్కను అడిగినాను.

“ఇచ్చిందాన్ని వెనక్కి అడగతాండావే, సిగ్గులేదా అన్నా నీకు?”

“ఉండాదక్కా. కాని సిగ్గు గురించి సెక్రటరీ సారు ఏమీ చెప్పలేదు.”

“దూలం తీస్తే రేకులు తిన్నగా నీ సారు నెత్తిన పడతాయని చెప్పు” అంది. తీయనియ్యలేదు. చివరికి ఆయమ్మే జాలిపడి, అంగడి ముందర వేసే పొడుగు బెంచీ ఇచ్చింది. దాన్ని రోడ్డుకు అడ్డం పెట్టినాము. ఎవరన్నా టీ తాగడానికొస్తే కూర్చోడానికి బెంచీ కావాలని ఆయమ్మ కేకేసేది. మేము ఎత్తుకుపోయి ఇచ్చేవాళ్లం. ఆ సందులో రెండు మూడు బండ్లు దూసుకుపోయేవి. మన రాష్ట్రం సరిహద్దు కొన్నాళ్లు అట్లా ఉగ్గాని అమ్మకాల మీద ఆధారపడి నడిచింది.

ఇంతవరకూ నవ్వుకునే సంగతే. ఆ తరువాత వచ్చిన రోజుకు నవ్వు రాలేదు.

ఎండ మాడిపోతాంది. ఒక మినీ లారీ నిండా టమోటా బాక్సులు వేసుకొని వచ్చింది. నేను చేయెత్తి, ఉత్తర్వులో చెప్పినట్టే, “ఆగమని కోరుతున్నాము!” అని గట్టిగా అరిచినాను. డ్రైవరు బ్రేకేసినాడు. పక్క సీట్లోంచి ఒక ఆయమ్మ తల బయటికి పెట్టి, నా వైపు కాసేపు చూసి, దిగింది.

“ఈ గొంతు నాకు తెలుసు” అంది. “మైకులో అరిచినోడివి నువ్వే గదా?”

నేను గుర్తుపట్టినాను. కొడవలి లేదు, అంతే తేడా.

“గాలి ఆపుతుందా అన్నావే. ఓహో, గాలంటే నువ్వేనా?”

వెనక బండ్లవాళ్లు నవ్వినారు. ఆ ఊర్లో నవ్వించినందుకు వడ్డీతో సహా వచ్చింది.

“అమ్మా, కాగితం ఒకటి కావాల…”

“యాడ ఇస్తారు?”

“ఇచ్చే ఆఫీసరు ఇంకా రాలేదు.”

“ఎప్పుడొస్తాడు?”

ఆయమ్మ లారీ చుట్టూ తిరిగి వచ్చింది. కింది బాక్సుల్లోంచి అప్పుడే రసం కారి రోడ్డు మీద చుక్కలు పడతాండాయి. “ఉండే నీళ్లన్నీ దీనికే పెట్టినా. శెనక్కాయ ఎండిపోయింది. నా మొగుడు వద్దంటే కూడా, లేదు, సర్కారోడు మైకులో చెప్పినాడు అని నేనే పెట్టించినా” అంది. అరిచి తిట్టింటే బాగుండేది. ఆయమ్మ ఎవరికో లెక్క అప్పజెప్తున్నట్టు చెప్పింది.

నేను గేటు వాచ్‌మన్ అన్నకు వదిలేసి, ఆయమ్మతో పాటు మలుపు దాకా నడిచిపోయినాను. అవతలి గేటు ఆఫీసరు నాకు కొత్తోడేమీ కాదు. పొత్తు ఉన్నప్పుడు ఆ పక్క మార్కెట్లో ఉండేవాడు, ఉగాదికి వాళ్లింటి బొబ్బట్లు, వాళ్ల మాటలో ఓళిగలు, నాకు తెచ్చేవాడు, నేను మా ఇంటి శెనక్కాయలు ఇచ్చేవాణ్ణి. ఈ ఒక్క బండి వదలమని చేతులు పట్టుకున్నాను. ఆయన ముఖం చిన్నబుచ్చుకొని, “నీవే బిట్టు హోద్రల్ల సార్” అన్నాడు. మీరే వదిలిపెట్టి పోయినారు గదా అని. “సంతకం తెప్పించండి, నా చేత్తో నేనే గేటు ఎత్తుతా.”

అక్కడి నుంచే సెక్రటరీ సారుకు ఫోన్ చేసినాను. ఆఫీసరు నియామకం పరిశీలనలో ఉంది అన్నాడు. ఇక్కడ మీకు నేను ఒక గొప్ప మాట చెప్పుకోవచ్చు. టమోటాలు పరిశీలనలో ఉండవు సార్, కుళ్లిపోతాయి అని గట్టిగా అడిగినానని. ఆ మాట నాకు తోచింది కూడా, రాత్రి అన్నం తినేటప్పుడు. ఫోన్లో నేనన్నది, “సరే సార్.”

వెనక్కొచ్చినాము. వరసలో ఇంకో రెండు టమోటా బండ్లు చేరినాయి. ఆయమ్మ బెంచీ కాడ నిలబడి నన్ను చూసింది.

“అరుచు” అంది.

“ఏందమ్మా?”

“నువ్వు అరిస్తేనే గదా వేసినా. ఇప్పుడు అరిచి అమ్ము.”

యార్డు బయట సరుకు అమ్మనీయకుండా చూసేదే నా ఉద్యోగం. దానికే నాకు జీతం. వాచ్‌మన్ అన్న వైపు చూసినాను, వద్దంటాడేమోనని. ఆయన లేచి, రోడ్డుకు అడ్డం ఉన్న బెంచీని ఎత్తుకొచ్చి లారీ పక్కన పెట్టినాడు. “ఎక్కు” అన్నాడు.

ఎక్కినాను. వేలం మొదలుపెట్టినాను.

వరసలో ఒక బస్సు ఇరుక్కొని ఉంది. అందులోవాళ్లు దిగి వచ్చినారు. పెళ్లికి పోతాండే ఒక వంటాయన ఉన్నాడు, ఆయన మొదటి పాట పాడినాడు. శెనక్కాయ లారీల డ్రైవర్లు ఇంటికని తీసుకున్నారు. టీ అంగడి అక్క చట్నీకని ఒక బాక్సు తీసుకొని, ధర తక్కువ పాడినందుకు తనకు తానే సిగ్గుపడి మళ్లీ పెంచింది. చివరికి మలుపు అవతలి నుంచి ఓళిగల ఆఫీసరు కూడా నడిచొచ్చినాడు. ఒక సంచి నిండా కొన్నాడు. కొన్నంక గుర్తొచ్చింది పాపం, కాగితం లేని టమోటా ఆయన గేటు దాటకూడదు. కాసేపు సంచి పట్టుకొని మలుపు వైపే చూసినాడు. ఒక పండు అక్కడే తిని, మిగతావి వాచ్‌మన్ అన్న చేతిలో పెట్టి పోయినాడు.

నేను గొప్ప పని చేసినానని మీరు అనుకోవద్దండి. ధర పలకలేదు. రోడ్డు మీద దిక్కులేక అమ్ముకునే సరుకుకు ధర ఎందుకొస్తుంది? మూడు బండ్లలో సగం కూడా పోలేదు. మిగతాది సాయంత్రానికి గొర్రెల మందకు వేసినారు. నా గొంతు బొంగురుపోయింది. ఆయమ్మ చేతిలోకి వచ్చిన దుడ్లు చూసుకొని, “కోసినోళ్ల కూలికి సరిపోతాది” అని లారీ ఎక్కింది. నాకు ఒక మాట చెప్పిపోతుందేమోనని నిలబడినాను. చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేదు.

రెండు రోజులకే నోటీసు వచ్చింది. రైతు సౌకర్య కేంద్రం ఎదుటనే, కేంద్రం బెంచీ మీదనే నిలబడి, నిబంధనలకు విరుద్ధంగా వేలం వేసినందుకు సంజాయిషీ ఇవ్వమని. బెంచీ కేంద్రానిది కాదు, టీ అంగడిది అని జవాబు రాయబోతాంటే సారు మళ్లీ ఫోన్ చేసినాడు. గొంతులో తేనె కారుతాంది. “నోటీసు చించెయ్యప్పా. నాయకుడు వస్తాండాడు.”

వేలం సంగతి నాయకుడి చెవిన పడింది. ఆయన దాన్ని నేను ఊహించని విధంగా అర్థం చేసుకున్నాడు. మేము మాట ఇచ్చినట్టే సరిహద్దులో రైతు సంత మొదలైంది అని పేపర్లవాళ్లకు చెప్పినాడు. ఆ సంత చూడ్డానికి షామియానా వేయించుకొని మరీ వచ్చినాడు. చుట్టుపక్కల ఊర్లవాళ్లను ట్రాక్టర్లలో తెచ్చినారు. కొత్త బాద కూడా ఆ రోజుకే వచ్చింది. అది జనానికి కనపడకుండా షామియానా గుడ్డ కప్పినారు.

సెక్రటరీ సారు నన్ను పక్కకు పిలిచినాడు. “నాయకుడు సారు మాట్లాడేముందు నువ్వు మైకులో చెప్పు. వచ్చే పంటకల్లా ఈ సౌకర్య కేంద్రం కూడా ఉండదు, బండ్లు నేరుగా పోతాయి అని. నీ గొంతుతో చెప్తే జనం నమ్ముతారు.”

మైకు నా చేతికొచ్చింది. జనంలో వెనక వరసలో ఆ టమోటా ఆయమ్మ నిలబడి ఉంది. ఈసారి పక్కన మొగుడు కూడా ఉన్నాడు. ఆయన నన్ను కాదు, ఆమెను చూస్తాండాడు. ఈ గొంతు మాట ఈసారి వింటావా అన్నట్టు.

ధైర్యమొచ్చిందని చెప్పను. నిజంగా నోరు పెగల్లేదు. నా సర్వీసులో మైకు ముందర నాకు మాట రాకపోవడం అదే మొదలు. ఎట్లో గొంతు సవరించుకొని, “గేటు సంగతి సారు సొంత నోటితో చెప్తారు” అని మైకు నాయకుడికి ఇచ్చేసినాను. అది తెలివి కాదు, తప్పించుకోవడం.

ఆయన మైకు తీసుకున్నాడు. వానల గురించి మాట్లాడినాడు. కాలువల గురించి మాట్లాడినాడు. ఈ నేల రైతు కష్టం గురించి కండ్లల్లో నీళ్లు పెట్టుకున్నాడు. జనం విన్నారు. ఆయన కూర్చోబోతాంటే వెనక నుంచి ఆయమ్మ అరిచింది. ఆయమ్మకు మైకు అవసరం లేదని అప్పుడే తెలిసింది.

“గేటు సంగతి చెప్పు సామీ! ఉంటాదా, ఉండదా?”

నాయకుడు నవ్వి, “అది మీ సూపర్‌వైజరు వివరంగా చెప్తాడమ్మా” అని మైకు మళ్లీ నా చేతిలో పెట్టినాడు.

ఇంక ఇచ్చేదానికి నాకు ఎవరూ లేరు.

“గేటు ఉండాది” అన్నాను. “ఇప్పుడూ ఉండాది, వచ్చే పంటకూ ఉంటుంది. ఆ గుడ్డ కింద ఉండేది గేటు కట్టే. కాగితం లేకుండా ఎవరూ సరుకు తేవద్దండి, ఆపుతారు. కాగితం మీద సంతకం పెట్టే ఆఫీసరు లేడు. ఆయన వచ్చినంకనే టమోటా కోయండి. ముందర నేను చెప్పింది తప్పు.”

షామియానాలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు, తిట్టలేదు. జనం లేచి పోవడం మొదలుపెట్టినారు. నాయకుడు కారెక్కినాడు. సెక్రటరీ సారు నా వైపు చూసిన చూపుకు సంజాయిషీ రాయాలంటే కాగితాలు చాలవు.

నా పని అయిపోయిందని నాకు తెలుసు. తెలియనిది ఏమంటే, ఆ లేచిపోయిన జనం ఇండ్లకు పోలేదు. ఆయమ్మ ముందర, మిగతావాళ్లు వెనక, తిన్నగా కళ్యాణదుర్గం పోయి మా ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు. గేటు తీసేయమని అడిగింటే, పరిశీలిస్తాము అని పంపించేవాళ్లే. వీళ్లు గేటు మాటే ఎత్తలేదంట. సంతకం పెట్టే ఆఫీసరును ఇయ్యండి, లేకపోతే మేము లేవము అన్నారంట. వాచ్‌మన్ అన్న మరుసటి రోజు డ్యూటీకి రాలేదు. ఆయనా ఆ మెట్ల మీదనే ఉన్నాడని తరువాత తెలిసింది. ఏం చేస్తాంటివి అన్నా అంటే, “ఊరికే కూర్చునింటిని” అన్నాడు.

ఆఫీసరును వేసినారు. కుర్రోడు, ఇంకా సంతకం కూడా కుదురుకోలేదు, ఒక్కో కాగితం మీద ఒక్కో మాదిరి పెట్టేవాడు. అయినా కాగితాలు కదిలినాయి.

నాకూ ఉత్తర్వు వచ్చింది. గుంతకల్లు పక్కన మా కమిటీకి పాత గోనెసంచుల గోడౌను ఒకటి ఉంది, దానికి ఇన్‌ఛార్జి. పదోన్నతి అన్నట్టే రాసినారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను.

గేటు కాడ నా చివరి రోజు పొద్దున్నే ఆ మినీ లారీ వచ్చింది. చెట్లకు మిగిలిన కాయల్లో ఇంకో కోత వచ్చినట్టుంది. నేను చేయి ఎత్తకముందే డ్రైవరు ఇంజను ఆపినాడు. ఆయమ్మ దిగి కాగితం ఇచ్చింది. నేను దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివినాను. చదవాల్సినంత ఏమీ లేదు, అయినా చదివినాను.

“నిన్ను యాడికో తోలేసినారంట గదా?” అంది.

“గుంతకల్లు పక్క. గోనెసంచుల గోడౌనుకు.”

“ఆడ జనం ఉంటారా?”

“ఎవరూ ఉండరమ్మా. ఎలుకలుంటాయి.”

“మంచిదే” అంది. “నువ్వేం చెప్పినా ఎవురూ పంట వేయరు.” చెప్పి నవ్వింది. ఎగతాళిగానే నవ్వింది గానీ, నాకు అది చాలా రోజులు అన్నం వంటబట్టేట్టు చేసింది.

వాచ్‌మన్ అన్న తాడు వదిలినాడు. కొత్త బాద పైకి లేచింది. లారీ పోయి మలుపు తిరిగేదాకా నేను రోడ్డు మధ్యకొచ్చి నిలబడి చూసినాను. అవతలి గేటు కాడ అది ఆగకుండా పోయింది అని చెప్పాలని ఉంది. ఆగింది. ఓళిగల ఆఫీసరు కాగితం తీసుకొని చదివినాడు, బాక్సులు చూసినాడు, మళ్లీ చదివినాడు. తరువాత గేటు ఎత్తినాడు. బండి పోయింది.